వంతు నీళ్లలో పరాయి వల

"మీరే! మీ ముగ్గురే! నా ఇంటి కూడు తీసుకపోయి పరాయోడి పడవలో పోసినారు!"

గురవమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. వెనక పొయ్యి మీద పులుసు అడుగంటి మాడువాసన కొడుతోంది. దింపాలని ఎవరికీ తోచలేదు. ఆమె వేలు మొదట కూతురు గంగాభవాని మీదికి పోయింది. తర్వాత గడపలో కూలబడ్డ కొడుకు శివశంకర్ మీదికి. ఆఖరికి నులకమంచం అంచున చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమెరికా డైరెక్టరు వెర్నా మీదికి.

"కూతురు రాసింది. కొడుకు గెడ పట్టినాడు. ఈ మహాతల్లి కెమెరా పెట్టింది. అంతా అయినాక ముగ్గురూ వొచ్చి నా ఇంట్లో కూసోనుండారు, పెళ్లికొచ్చిన చుట్టాల మాదిరి!"

"అమ్మా, ఆమె మీద అరిస్తే ఏమొస్తాది? ఆమెకి తెలుగు రాదు," అంది భవాని.

"రాకపోతే నువ్వు చెప్పు! ఇన్నాళ్లూ ఆమె చెప్పిందంతా మైకులో మాకు చెప్పినావు గదా. ఇప్పుడు మేం చెప్పేది ఆమెకి చెప్పు."

భవాని వెర్నా వైపు తిరిగింది.

బయట సరస్సు వైపు నుంచి దబ్బు దబ్బుమని చప్పుడు. రొయ్యల ఫ్యాక్టరీ చంద్రమౌళి ట్రాక్టరు దింపిపోయిన సరుగుడు కొయ్యల్ని నీళ్లలో పాతుతున్నారు. ఒక్కో దెబ్బకీ గూట్లో గ్లాసులు అదురుతున్నాయి. అవతలి మంచం మీద గురవమ్మ భర్త కామాక్షయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొద్దున ఊరి పెద్దలు కూర్చునే కాపుల పందిట్లోంచి ఇద్దరు పట్టుకొచ్చి పడుకోబెట్టినప్పటి నుంచీ అదే తీరు. తిండి లేదు, మాట లేదు.

పందిట్లో పెద్దకాపు చెంగయ్య వేసిన దురాయి అప్పుడే ఊరంతా పాకింది. కామాక్షయ్య ఇంటి వంతు నీళ్లు ఇక చంద్రమౌళి తమ్ముడి కొడుకు వినోద్‌వి. ఈ ఇంటివాళ్లు ఆ నీళ్లలో పడవ పెడితే ఊళ్లో ఎవరూ వీళ్లకి నిప్పివ్వరు, నీళ్లివ్వరు, చస్తే మొయ్యరు. పెద్దకాపు నోటి నుంచి దురాయి పడిందంటే అంతే. పోలీసులకీ కోర్టులకీ జవాబు చెప్పుకోవచ్చు గానీ, దీనికి జవాబు లేదు.

"మొత్తం చెప్పు," అంది వెర్నా ఇంగ్లీషులో. "నా మొహం చూసి మెత్తగా మార్చొద్దు. మీ అమ్మ అన్నది అన్నట్టు."

భవాని చెప్పింది. పొద్దున పందిట్లోంచి వచ్చిన సంగతి కూడా చెప్పింది.

ఈ సరస్సులో రొయ్య దొరికే నీళ్లు కొన్నే. అందుకని ఇంటింటికీ వంతులు. చీట్లు వేసి ఏ రోజు ఎవరిదో తేలుస్తారు. తండ్రికి వయసు మళ్లితే వంతు కొడుక్కి పోతుంది. అప్పుడు కాగితం రాసుకోరు. వంతు రోజున ఇంటి పెద్ద పడవ వెనక గెడ పట్టి నిలబడతాడు. ముందు నిలబడ్డవాడు తొలి వల విసురుతాడు. ఆ వలలో పడ్డ మొదటి గుప్పెడు గంగమ్మ ముందు పోస్తాడు. అంతటితో ఆ నీళ్లు విసిరినవాడివి.

వెర్నా కళ్లు మెల్లగా మూసుకుంది.

"అది మన మొదటి సీను," అంది.

"అవును."

"నువ్వు రాసిన సీను."

"నేను రాసిన సీనే. మా వంతు రోజునే, మా నీళ్లలోనే తీశాం."

చిన్నప్పుడు ఒడ్డున తుమ్మచెట్ల చాటు నుంచి చూసింది భవాని. నాయన గెడ పట్టుకుని నిలబడటం, అన్న వల విసరటం, వల గాల్లో గొడుగులా విచ్చుకోవటం. ఎంత అందంగా ఉండిందో! ఆ బొమ్మ పట్టుకుని హైదరాబాదు పోయింది. టీవీ సీరియళ్లకి అత్తల ఏడుపులూ కోడళ్ల ఏడుపులూ రాసినన్నాళ్లూ దాన్ని కడుపులో దాచుకుంది. సినిమా అవకాశం వచ్చీ రాగానే తీసి మొదటి పేజీలో పెట్టింది. దాని అర్థం ఏమిటో మాత్రం ఈ పొద్దుటిదాకా ఆమెకి తెలియదు. తెలియనిచ్చిందెవరు? చీట్లు వేసేచోటికి ఆడది పోకూడదు. వంతు మారే రోజున ఆడది ఒడ్డుకి రాకూడదు. వలలు అల్లటానికి, రొయ్యలు వొలవటానికి, ఎండలో బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకి పోవటానికి ఆడది కావాలి గానీ, నీళ్లు ఎవరివో తేల్చేటప్పుడు ఆడదాని నీడ పడకూడదు!

"నీకు ముందే తెలుసా అమ్మా ఈ సంగతి?"

"నాకెట్ట తెలస్తాది మే? పొద్దున మీ నాయన్ని మోసుకొచ్చినాకనే నేనూ విన్నా."

"మరి తెలిసినోడు ఒకడుండాడు," అంది భవాని. గడప వైపు చూసింది. "అన్నా. నీకు తెలుసు."

శివశంకర్ తల ఎత్తలేదు. గోటితో గడప చెక్క గీకుతున్నాడు.

"నిన్నే అడగతాండా! చీట్లు వేసేటప్పుడు ప్రతిసారీ పోతావు గదా. నాయన చేతిమీద వంతు తీసుకున్నోడివి నువ్వు. వినోద్‌గాడు వల పట్టుకుని ముందు నిలబడితే, నువ్వు వెనక గెడ పట్టుకుని బొమ్మలాగ నిలబడినావే! ఒక్క మాట అనలేకపోయినావా?"

"అన్నా."

"ఏందీ?"

"అన్నా అని చెప్తాండా గదా. 'ఆపండి, ఇది కుదర్దు' అని నోరు తెరిచినా. నువ్వేం చేసినావు?"

భవానికి గుర్తొచ్చింది.

"చెప్పు మే. ఏం చేసినావు? వేలు మూతి మీద పెట్టి, కళ్లు ఇంత చేసి, 'సైలెన్స్' అన్నావు. నువ్వనంగానే ఇంకో నలుగురు 'సైలెన్స్ సైలెన్స్' అని అరిచినారు. నా చెల్లెలు ఆఫీసరయ్యిందబ్బా, ఈమె చెప్తే ఊరంతా నోరు మూస్తాది అనుకున్నా. మూసినా."

"తర్వాతైనా చెప్పొచ్చు గదా! వల పడక ముందే పడవ తిప్పేసుంటే?"

"తిప్పితే నీ సినిమా చెడిపోదా? నలుగురిలో నీ తల తీసినట్టు కాదా?" శివశంకర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అయినా నా మాట ఎవురింటారు? చూసేదానికే పనికిరాని మొహం, మాట్లాడితే పనికొస్తాదా?"

బయట కొయ్యల మీద ఇంకో దెబ్బ పడింది.

"ఎవురన్నారు ఆ మాట?" అంది గురవమ్మ.

శివశంకర్ చెల్లెలి వైపు చూశాడు. చెప్పాల్సిన పనిలేదు.

వెర్నా ఈ ఊరికొచ్చిన మొదటిరోజు ఆడవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూశారు. అమెరికా అంటే తెల్లతోలు అనుకున్నారు వాళ్లు. "ఈమె మా వదినె కంటే నలుపుండాదే! మనోళ్లే పో!" అని ముందుగా నవ్వింది గురవమ్మే. వెర్నా అనటం చేతగాక వెన్నమ్మ అని పేరు పెట్టి, తన చేత్తో రొయ్యల వేపుడు తినిపించింది. వెర్నా ఆ పూట తినటం ఆపి ఏడ్చింది. ఎందుకో భవానికి ఒక్కదానికే తెలుసు.

వెర్నా పుట్టింది అమెరికాలో ఒక ఉప్పుటేరు పక్కన నల్లవాళ్ల పల్లెలో. తండ్రి రొయ్యల పడవ మీద మనిషి. టీవీ కామెడీలు రాసే గదిలో చేరినప్పుడు బల్ల చుట్టూ అంతా తెల్లమగవాళ్లే. 'పనిమనిషి ఇప్పుడేమంటుంది?' అని అడగాల్సి వచ్చినప్పుడు మాత్రమే మొహాలన్నీ ఈమె వైపు తిరిగేవి. ఏళ్ల తరబడి పనిమనుషులకీ దొంగలకీ మాటలు రాసింది. పెద్ద డైరెక్టరు ఒకడు మంచాన పడితే ఒక ఎపిసోడు ఈమె చేతికొచ్చింది. దాంతో నిలదొక్కుకుంది. సొంత పల్లె మీద మొదటి సినిమా రాసుకుంటే, కంపెనీ ఆ పడవలోకి హీరోగా తెల్లకుర్రాణ్ని ఎక్కించింది. సినిమాకి బహుమతులొచ్చాయి. తండ్రి మాత్రం హాల్లోంచి సగంలో లేచి వెళ్లిపోయాడు, మళ్లీ దాని గురించి మాట్లాడలేదు. ఆరోజు నుంచి వెర్నాది ఒకటే పట్టు. ఏ ఊరి పని చూపిస్తే తెరమీద ఆ ఊరి చెయ్యే కనబడాలి. ఆ పట్టు పట్టినందుకు సినిమాలు చేజారిపోయాయి. మళ్లీ టీవీకి పోయి, సొంత సీరీస్ రాసి, తీసి, పేరు తెచ్చుకుని, ఆ పేరు చూపించి ఈ సరస్సు మీద సినిమాకి కంపెనీని ఒప్పించింది.

హైదరాబాదు వర్క్‌షాపులో రచయితలందరికీ ఆమె తన ఈ కథ చెప్పినరోజు భవాని కుర్చీలో కూర్చోలేకపోయింది. తను రాసిన మాటల కింద ఇంకొకడి పేరు పడుతుంటే నోరు మూసుకుని బతికినదానికి, ఆ మాటలు ఎక్కడ తగలాలో అక్కడ తగిలాయి.

ఈ సినిమాకి హీరోగా హైదరాబాదు నటుణ్ని పెట్టమని కంపెనీ అంది. వెర్నా ఒప్పుకోలేదు. శివశంకర్ వల విసరటం చూసి, "ఇతనే. ఇంకెవరూ వద్దు," అంది.

కాదన్నది ఎవరు?

"మా అన్న కెమెరాకి పనికిరాడు. ఆ మొహం ఎవరు చూస్తారు?" అన్నది ఎవరు? గోడ అవతల అన్న వల బాగుచేసుకుంటున్నాడన్న ధ్యాస కూడా లేకుండా, తెలుగులో మళ్లీ నవ్వుతూ మేకప్ అమ్మాయితో అన్నది ఎవరు?

సరిగ్గా అప్పుడే చంద్రమౌళి తన తమ్ముడి కొడుకుని తీసుకొచ్చి నిలబెట్టాడు. "ఈ నీళ్లు తాగి పెరిగినోడు మేడమ్, పక్కా లోకల్," అన్నాడు. ఆ ఒక్క మాటకి వెర్నా కరిగిపోయింది. ఆమె పట్టు ఏమిటో వాడికి ఎవరు చెప్పారో గానీ, తెలుసుకునే వచ్చాడు. వినోద్‌కి వల విసరటం నేర్పింది శివశంకరే. మొహం కనబడని గెడ మనిషిగా పడవ వెనక నిలబడిందీ అతనే.

"అన్నా..." అంది భవాని.

"వద్దులే మే."

"అన్నా, నేను..."

"వద్దన్నా గదా!"

వెర్నా లేచి నిలబడింది. "ఆ షాట్ తీసేస్తాను. ఎక్కడా ఒక్క ముక్క లేకుండా చెరిపేస్తాను. కంపెనీ ఏమైనా చేసుకోనీ. అది అమ్మకి చెప్పు."

భవాని చెప్పింది. గురవమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి వెర్నా ఒక అడుగు వెనక్కి వేసింది.

"బొమ్మ చెరిపేస్తే ఊరి కళ్లు చెరుగుతాయా వెన్నమ్మా? ఆ పొద్దు ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. ఆ వినోద్‌గాడు దిగంగానే యాడికి పోయినాడో చూసినావా? గుప్పెట్లో రొయ్యలు పట్టుకుని నేరుగా గంగమ్మ కాడికి పోయినాడు. అది మీ కతలో ఉండాదా?"

లేదు. అది కథలో లేదు. కుర్రాడికి భక్తి ఎక్కువ కాబోలు అనుకున్నారు ఇద్దరూ.

అప్పుడు గోడవైపు నుంచి మాట వినబడింది.

"కూలికి వేసిన వలకి వంతు లేదు."

కామాక్షయ్య ఇటు తిరగలేదు. గోడకే చెబుతున్నట్టు చెప్పాడు. "మా తాత కాలం నుంచీ ఉండేదే. కూలోడు వల వేస్తే అది వేయించినోడి వల. చెంగయ్యకీ తెలుసు."

గురవమ్మ చేతిలోంచి గరిటె జారింది. శివశంకర్ దిగ్గున లేచాడు. "అవును నాయనా! అవును! సినిమాలో చేసేది కూలే గదా! దినానికింత అని ఇస్తారు గదా! మే భవానీ, ఆమెనడుగు, వాడు తీసుకున్నాడా?"

భవాని అడిగింది. అడుగుతుండగానే వెర్నా మొహం చూసి తనకీ గుర్తొచ్చింది.

వినోద్ డబ్బు ముట్టలేదు. షూటింగు మొదలుపెట్టిన రోజున ఊరందరి ముందు చేతులు కట్టుకుని వద్దన్నాడు. వెర్నా పొంగిపోయి, మైకు అందుకుని, "ఈ అబ్బాయి కూలి కోసం రాలేదు. ఈ నీళ్ల మీద ప్రేమతో వచ్చాడు. గుర్తుపెట్టుకోండి," అంది. ఆ మాటని తెలుగులోకి మార్చి, గట్టిగా, ఊరంతా వినేట్టు చెప్పింది భవానే. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది చెంగయ్యే.

"తీసుకోలేదు," అంది భవాని.

కామాక్షయ్య దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

వెర్నా కిటికీలోంచి సరస్సు వైపు చూస్తోంది. కొయ్యలు వరసగా లేస్తున్నాయి, ఒడ్డు నుంచి నీళ్లలోకి. "మా ఊళ్లోనూ మొదట కొయ్యలే పాతారు," అంది మెల్లగా. "సరదాకి కట్టుకునే చిన్న రేవు అన్నారు."

"తర్వాత?"

"తర్వాత తీగ. ఆ తర్వాత తుపాకీ పట్టుకున్న కాపలావాడు. మా నాన్న పడవ ఇంటి పెరట్లో కుళ్లిపోయింది. అది నేను సినిమా తీశాను." వేలితో కొయ్యల్ని చూపించింది. "ఇప్పుడు ఇది కూడా నేనే తీశాను."

భవాని ఇటు తిరిగేసరికి గడప ఖాళీగా ఉంది. చూరు కింద ఆనించిన గెడ లేదు.

"అమ్మా, అన్న ఏడీ?"

గురవమ్మ వాకిట్లోకి పరిగెత్తింది. అప్పటికే శివశంకర్ పడవని నీళ్లలోకి తోసేశాడు. కొయ్యల వైపు పోతున్నాడు. ఒంటిగా. మబ్బు కమ్మి సరస్సు సీసం రంగులో ఉంది. కొంగలు కూడా లేవు. "రేయ్ శంకరా! రారా! దురాయి ఉండాది రా!" అని తల్లి అరిచిన అరుపు గాలికి కొట్టుకుపోయింది. ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తెరిస్తే చూసినట్టవుతుంది, చూస్తే మాట్లాడాల్సి వస్తుంది.

భవాని ఒడ్డుకి పోలేదు. పందిరి వైపు నడిచింది. ముందు నడక, తర్వాత పరుగు.

కాపుల పందిట్లో చంద్రమౌళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నాడు. పక్కన చెంగయ్య. ఇంకో నలుగురు పెద్దలు చాప మీద. చెంగయ్య కొడుకు చంద్రమౌళి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆ సంగతి తెలియనివాడు ఊళ్లో లేడు, అడిగినవాడూ లేడు.

"ఆన్నే నిలబడు మే!" చెంగయ్య చెయ్యెత్తాడు. "పందిట్లోకి ఆడోళ్లు రాకూడదు. తెల్దా నీకు?"

"తెలుసు మామా. ఈ ఊళ్లో నాకు తెలిసిందల్లా అదొక్కటే." కాలు లోపల పెట్టింది.

చాప మీద పెద్దలు ఒక్కసారిగా లేచారు. "అపచారం! అపచారం!"

"ఇది నీ సీరియలు కాదు మే, ఏడిస్తే కత మారేదానికి," అన్నాడు చెంగయ్య. " వల పడిందా లేదా? గంగమ్మకి గుప్పెడు ముట్టిందా లేదా?"

"అది నటన మామా! ఉత్త నటన! ఊరంతా చూసింది గదా, కెమెరాలు ఉండాయి, లైట్లు ఉండాయి..."

"గంగమ్మకి నటన తెల్దు. నీళ్లలో పడిన వల వలే."

"అట్టయితే మా అన్న 'ఆపండి' అని నోరు తెరిచింది కూడా గంగమ్మ చూసుంటాది గదా? చప్పట్లు కొట్టినోడివి నువ్వు చూడలేదా?"

చెంగయ్య కళ్లు చంద్రమౌళి వైపు పోయి వచ్చాయి. ఒక్క రెప్పపాటు. అది చాలు భవానికి.

చంద్రమౌళి సోడా సీసా కింద పెట్టి, మూతి తుడుచుకుని, చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మాయ్, ఆవేశం ఎందుకు చెప్పు. మీ సినిమా ఆపమని ఎవరన్నారు? పడవలు నావి, జనరేటరు నాది, మీరు ఉండే గెస్ట్‌హౌస్ నాది. రేపు కూడా షూటింగు పెట్టుకోండి. మేడమ్ గారిని భయపడొద్దని చెప్పు. మా వినోద్ నీళ్లలోనే తీసుకోండి, కాదన్నామా?"

మా వినోద్ నీళ్లు! పొద్దున పుట్టిన మాట అప్పుడే పాతబడిపోయింది వాడి నోట్లో.

అంతలో సరస్సు మీద కేక. పందిట్లో వాళ్లంతా అటు తిరిగారు. శివశంకర్ కొయ్యల దగ్గరికి చేరాడు. గెడ కొయ్యకి అడ్డం పెట్టి ఊపుతున్నాడు. ఒకటి ఒరిగింది. ఒడ్డు నుంచి చంద్రమౌళి మనుషుల పడవ మోటారు చప్పుడుతో లేచింది. నలుగురున్నారు దానిలో. చేతుల్లో కొయ్యలు పాతే గునపాలు. ఒక్కడు నిలబడి, పందిట్లో ఉన్న చంద్రమౌళి వైపు తిరిగి చూస్తున్నాడు, ఏం చెయ్యమంటారని.

చంద్రమౌళి ఏమీ అనలేదు. సోడా సీసా మళ్లీ అందుకున్నాడు.

"చెంగయ్య మామా." భవాని పందిరి నడిమికి నడిచింది. "దురాయి వేసిన నోరు నీది. ఎత్తాల్సింది నువ్వే. ఆ పడవని వెనక్కి పిలిపించు. కొయ్యలు పీకించు. ఈ పందిట్లోనే, ఈ వెలుగులోనే, ఊళ్లో ప్రతి ఇంటి ఆడదాన్నీ పిలిచి నిలబెట్టి, వాళ్ల కళ్లెదుట చీట్లు మళ్లీ వెయ్యి. అవి తేలేదాకా ఆ నీళ్లలో మా కెమెరా పెట్టనివ్వను, ఎవరి వలా పడనివ్వను. రేపు కాదు, పెద్దల్ని అడిగి కాదు. ఆ పడవ మా అన్నని చేరకముందే చెప్పు. చెప్పు మామా, ఇప్పుడే చెప్పు!"